ఇచ్చిన అప్పు కోర్టు ద్వారా రాబట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. పొద్దున్నే ఆఫీసు తాళం తీసేసరికి మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన ప్రామిసరీ నోటు. అమ్మాయి పెళ్లికని దాచుకున్నదో, ఎకరం పొలం అమ్మగా వచ్చిందో, రిటైరయ్యాక చేతికందిందో, తెలిసినవాళ్లే కదా అని ఇచ్చి ఉంటారు. అడిగే ప్రశ్నలు దాదాపు అవే, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో నడిచే పద్ధతి. మీ కాగితాలు చూసి చివరి మాట చెప్పాల్సింది మీ ప్లీడరే, కానీ ఆయన దగ్గరికి వెళ్లేలోపు ఇవి తెలిసి ఉంటే మంచిది.

నోటు రాయించుకుని మూడేళ్లు కావస్తోంది. ఇంకా టైం ఉందా?

ఎవరు నోటు తెచ్చినా నేను ముందు చూసేది తేదీ. ఎంత మొత్తం, ఎవరు రాశారు అన్నవి తర్వాత. మామూలు ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఇక్కడే చాలామంది పొరపడతారు. నోటులో "మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ ఆర్డరు పొందిన వారికి గానీ చెల్లించగలవాడను" అని ఉంటుంది కదా, మేము ఈ మధ్యే కదా కోరింది, అప్పటి నుంచి మూడేళ్లు అనుకుంటారు. కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం లెక్క నోటు రాసిన రోజు నుంచే మొదలవుతుంది. 2023 జూన్ 12న రాసిన నోటుకి 2026 జూన్ 12 లోపు దావా పడాలి. నోటు లేకుండా చేబదులు ఇచ్చినా అంతే, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు.

గడువు ఆఖరి రోజు కోర్టు సెలవైతే, కోర్టు తెరిచిన రోజున వేయొచ్చు. మే నెలలో వేసవి సెలవుల్లో గడువు ముగిసే నోట్లకి ఇదే ఆధారం. కానీ దాన్ని నమ్ముకుని ఆఖరి దాకా ఆగకండి. ఒంట్లో బాగోలేదనో, ఊళ్లో లేననో చెప్పి ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి అప్పీళ్లలో వీలుంది, దావా వేయడానికి లేదు. ఒక్కరోజు దాటినా దాటినట్టే.

మధ్యలో కొంత కట్టాడు. గడువు పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ పద్ధతిగా చెల్లు రాయించుకుంటేనే. చెల్లు అంటే నోటు వెనకవైపు "ఈ నోటు బాకీ కింద ఈ రోజు ఇంత చెల్లించాను" అని రాసి, తేదీ వేసి, బాకీదారు సంతకం పెట్టడం. అసలు గడువు ముగియకముందే చెల్లు పడితే, కట్టిన తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి.

రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ తెచ్చిన నోటు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. వెనక వరసగా ఐదు చెల్లులు, నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు, ప్రతిదానికీ తేదీ ఉంది, మొత్తం ఉంది. అన్నీ ఆవిడే రాసుకున్నారు. "వాడు ఇచ్చిన ప్రతిసారీ ఇంటికెళ్లగానే రాసి పెట్టుకున్నాను బాబూ, ఒక్క రూపాయి తప్పు లేదు" అన్నారు. నిజంగానే లేదు. అయితే వాటిలో ఒక్కదాని కింద కూడా బాకీదారు సంతకం లేదు. నోటుకి మూడేళ్లు దాటి ఐదు నెలలు. ఆవిడ నిజాయితీగా రాసుకున్న ఆ ఐదు వరసలు ఆవిడకే అక్కరకు రాలేదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతున్నాను: చెల్లు కింద సంతకం కట్టినవాడిది ఉండాలి, పుచ్చుకున్నవాడిది కాదు.

ఫోన్‌పేలో పంపితే బ్యాంకులో నమోదవుతుంది కదా అంటారు. డబ్బు వచ్చిందని చూపడానికి అది పనికొస్తుంది. గడువు పెరగాలంటే మాత్రం కట్టినవాడి చేతిరాతో సంతకమో ఉన్న కాగితం కావాలని చట్టం అంటోంది కాబట్టి, ఫోన్‌పేలో వచ్చినా నోటు వెనక చెల్లు రాయించుకోండి. అతను డబ్బేమీ కట్టకపోయినా "ఈ బాకీ ఉన్నాను" అని గడువులోపు రాసి సంతకం పెడితే అదీ చాలు. అన్నిటికంటే సుఖం, మూడేళ్లు నిండకముందే అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు తిరగరాయించుకోవడం.

ఇంకో మాట. నోటుని వేరేవాళ్లకి మేడోవరు చేస్తే, అంటే వాళ్ల పేర రాసిచ్చేస్తే, గడువు కొత్తగా మొదలవదు, పాత తేదీయే లెక్క.

మూడేళ్లు దాటిపోయింది. ఇక ఆశ వదులుకోవాలా?

కాలదోషం పట్టిన నోటు మీద దావా నిలవదు. ఒక్క దారి ఉంది. పాత బాకీ తీరుస్తానని అతను ఇప్పుడు మళ్లీ రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందం అవుతుంది. మంచి మాటలతో, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాయించుకోగలిగితే రాయించుకోండి. బెదిరించి మాత్రం రాయించుకోకండి, అసలు బాకీ పక్కకుపోయి మీ మీద కేసవుతుంది.

ఒకవేళ బాకీదారు విదేశాల్లో ఉన్నాడనుకోండి, అతను దేశంలో లేని కాలాన్ని మూడేళ్ల లెక్కలోంచి తీసేస్తారు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవాళ్ల విషయంలో ఇది చాలామందికి తెలియదు. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మాత్రం మీదే.

నోటే లేదు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి.

దావా వేయొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది, అప్పుగా వెళ్లిందని చెప్పదు. అతను "అది నా పాత బాకీ తిరిగిచ్చాడు" అనో "ఇద్దరం కలిసి చేసిన వ్యాపారంలో వాటా" అనో అంటాడు. ఆ ఖాళీని పూడ్చేది వాట్సాప్. "అన్నా, వచ్చే నెల మీ రెండు లక్షలూ సర్దుతా" అన్న ఒక్క మెసేజ్ ఉన్నా దాన్ని జాగ్రత్తగా కాపాడుకోండి. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు వేసుకొస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోను కూడా దగ్గర ఉండాలి. కేసు నడుస్తుండగా ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి వచ్చినవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

నోటు మీద స్టాంపు అంటించలేదు. ఇప్పుడు అంటించొచ్చా?

వద్దు. మిగతా దస్తావేజుల్లో చాలావాటికి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు, ప్రామిసరీ నోటుకి ఆ వీలు లేదు. రెవెన్యూ స్టాంపు లేని నోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తర్వాత అంటించి తెచ్చినవి జడ్జి గారికి ఇట్టే తెలిసిపోతాయి, ఎందుకంటే సంతకం స్టాంపు మీదుగా పోవాలి. అలాంటప్పుడు నోటుని పక్కనపెట్టి, ఇచ్చిన అప్పు మీదే దావా వేసి బ్యాంకు కాగితాలతో, సాక్షులతో రుజువు చేసుకునే వీలుందేమో మీ ప్లీడరుని అడగండి.

"సంతకం నాది కాదు" అంటున్నాడు. లేదంటే "ఖాళీ నోటు మీద పెట్టించుకున్నారు" అంటున్నాడు.

ఈ రెండూ వినని వారం లేదు. రెండూ ఒకటి కావు, తేడా గమనించండి. సంతకమే నాది కాదంటే రుజువు భారం మీదే. నోటు రాసిన లేఖరి, సాక్షి సంతకం చేసినవాళ్లు వచ్చి చెప్పాలి, అవసరమైతే సంతకాన్ని నిపుణుడికి పంపమని అడగాలి. నోటుకి సాక్షులు ఉండి తీరాలని చట్టంలో లేదు, కానీ ఇలాంటి రోజున వాళ్ల విలువ తెలుస్తుంది. సంతకం నాదే, డబ్బు మాత్రం తీసుకోలేదంటే ఆట మీ వైపు తిరుగుతుంది. ఎందుకంటే సంతకం ఒప్పుకున్నాక, ప్రతిఫలం ముట్టిందనే కోర్టు మొదట భావిస్తుంది, కాదని చూపాల్సింది అతను. ఇది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్. సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కుకి కూడా ఇలాంటి భావనే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే అతని ప్లీడరు మిమ్మల్ని బోనులో అడిగే మొదటి ప్రశ్న "అంత డబ్బు మీకు ఎక్కడిది?" అనే. పంట అమ్మిన చీటీ, బ్యాంకులో తీసిన ఎంట్రీ, బంగారం తాకట్టు రసీదు, ఏది ఉంటే అది ముందే వెతికి పెట్టుకోండి.

డబ్బు క్యాష్‌గా ఇచ్చాను. ఇన్‌కంటాక్స్ గొడవ వస్తుందా?

20,000 రూపాయలు, అంతకు మించిన అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. జరిమానా పడేది పుచ్చుకున్నవాడి మీద. నగదుగా ఇచ్చినంత మాత్రాన మీ బాకీ చెల్లకుండా పోదని 2025లో ఒక చెక్కు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కానీ అదే ఏడాది ఇంకో తీర్పులో, రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే కోర్టు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకి తెలియజేయాలని కూడా అంది. కాబట్టి ఆ డబ్బు ఎలా వచ్చిందో మీ దగ్గర లెక్క ఉండాలి.

వడ్డీ వ్యాపారమే వృత్తిగా చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి లైసెన్సు కావాలి, అది లేకపోతే తెలంగాణలో దావాకే ఇబ్బంది. ఒకళ్లకో ఇద్దరికో అవసరానికి సర్దినవాళ్లు వడ్డీ వ్యాపారులు కారు.

పోలీసు స్టేషన్‌కి వెళితే తొందరగా పని అవుతుందంటున్నారు.

అప్పు తీర్చకపోవడం సివిల్ తగాదా. వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. తీసుకునే రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని, లేని పొలం చూపించాడనో దొంగ కాగితాలు పెట్టాడనో ఆధారం ఉంటే మోసం కేసు అవుతుంది. అంతేగానీ ఇచ్చిన మాట తప్పాడు అంటే కాదు. స్టేషన్ చుట్టూ తిరుగుతూ నెలలు పోగొట్టుకుని, తీరా చూస్తే నోటుకి గడువు దాటిందని వచ్చినవాళ్లని చూసినప్పుడు నాకు చాలా బాధేస్తుంది.

ముందు లాయరు నోటీసు ఇవ్వాలా?

నోటు మీద దావాకి తప్పనిసరి కాదు, కానీ ఇవ్వడం మంచిది. నోటీసు అందగానే కొంతమంది దిగొస్తారు, ఇంకొంతమంది జవాబిస్తారు. ఆ జవాబులో "మూడు లక్షలు కాదు, లక్షే తీసుకున్నాను" అని రాస్తే లక్ష ఒప్పుకున్నట్టే కదా. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టులో రసీదు తిరిగొచ్చేలా పంపండి. తీసుకోకుండా తిప్పి పంపినా, సరైన చిరునామాకి పంపి ఉంటే అందినట్టే లెక్క. ఆ కవరు చించకుండా అలాగే ఉంచండి. గడువు దగ్గర పడితే మాత్రం నోటీసు మాట మర్చిపోయి నేరుగా దావా వేసేయండి.

చెక్కు ఇచ్చాడు, బౌన్స్ అయింది.

చెక్కు కేసులో గడువులు ఏళ్లలో కాదు, నెలల్లో, రోజుల్లో ఉంటాయి. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేదని బ్యాంకు మెమో ఇచ్చాక 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి కట్టడానికి అతనికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు పడాలి. ఒక లెక్క వేద్దాం. మెమో మీ చేతికి మార్చి 10న వచ్చింది, ఏప్రిల్ 9 లోపు నోటీసు వెళ్లాలి. అది అతనికి ఏప్రిల్ 2న అందిందనుకుంటే ఏప్రిల్ 17 దాకా అతని గడువు. ఫిర్యాదు మే 17 లోపు పెట్టేయాలి. 15 రోజులు పూర్తికాకముందే పెట్టినా తప్పే, కేసు నిలవదు.

నోటీసులో చెక్కు మొత్తం ఎంతో అంతా స్పష్టంగా అడగాలి. వడ్డీ, ఖర్చులు, పాత బాకీ అన్నీ కలిపి ఒకే అంకె రాసి పోగొట్టుకున్న కేసులున్నాయి. మీ ఖాతాలో వేసిన చెక్కు అయితే, మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు, అతని ఊరికి తిరగాల్సిన పనిలేదు. 2015 సవరణతో వచ్చిన మేలు ఇది. 2018 సవరణ ఇంకో వీలు ఇచ్చింది, కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ.

నోటూ చెక్కూ రెండూ ఉంటే చెక్కు కేసు వేశాం కదా అని సివిల్ దావా వదిలేయకండి. రెండూ వేర్వేరు, రెండూ నడపొచ్చు. చెక్కు కేసు ఏళ్ల తరబడి నడిచి, సాంకేతిక కారణంతో కొట్టేసేసరికి నోటు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఖర్చు ఎంత అవుతుంది?

కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తం మీద ఉంటుంది, అసలు మీద మాత్రమే కాదు. మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ముప్పై నెలలు అయిందనుకోండి, వడ్డీ లక్షా ఎనభై వేలు, దావా 4,80,000కి. ఫీజు దాని మీద కట్టాలి. గెలిస్తే ఖర్చుల కింద డిక్రీలో, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వులో, కలుస్తుంది. ప్లీడరు ఫీజు మీరూ ఆయనా మాట్లాడుకునేది. ముందే ఎంత, ఏ దశలో ఎంత, ఈపీకి (డిక్రీ అమలు పిటిషన్‌కి) వేరేనా అని మొహమాటపడకుండా అడగండి.

ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. భర్త పోయి, ఉన్న నాలుగు రూపాయలు అప్పిచ్చి చిక్కుకున్న ఆడవాళ్లు మళ్లీ అప్పు చేసి ఫీజు కట్టడం చూస్తుంటాను. అక్కర్లేదు. జిల్లా కోర్టులో, చాలాచోట్ల మండల స్థాయిలో కూడా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఎక్కడ వేయాలి, ఎన్నాళ్లు పడుతుంది?

బాకీదారు ఉండే ఊరి కోర్టులో గానీ, నోటు రాసి డబ్బు ఇచ్చిన ఊరి కోర్టులో గానీ. మొత్తాన్ని బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టా, జిల్లా కోర్టా అన్నది తేలుతుంది. సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా జవాబు దాఖలు చేయాలి. అసలు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. దానికి సంబరపడకండి. 30 రోజుల్లో వచ్చి దాన్ని రద్దు చేయమని అడగొచ్చు, సమన్లు సరిగా అందలేదని చూపితే ఆ 30 రోజులు అతనికి తెలిసిన రోజు నుంచి లెక్క. అందుకే చిరునామా సరిగా ఇవ్వడం, సమన్లు నిజంగా అందేలా చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని.

ఎన్నాళ్లంటే నేను తారీఖు చెప్పలేను. సాక్షి రాకపోతే ఒక వాయిదా, వాళ్ల ప్లీడరు రాకపోతే ఒక వాయిదా, జడ్జి గారు బదిలీ అయితే మళ్లీ కొన్ని వాయిదాలు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, కిందటి వాయిదాలో ఏం జరిగిందో కనిపిస్తుంది. చూసుకుంటూ ఉండండి, "ఏమైందండీ" అని ప్రతిసారీ మాకు ఫోన్ చేయాల్సిన టెన్షన్ ఉండదు.

ఈలోపు ఉన్న పొలం భార్య పేర పెట్టేస్తున్నాడు.

ఇది వినగానే మేము మిగతా పనులు ఆపేస్తాం. దావాతోపాటే తీర్పుకి ముందు జప్తు అడగాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5. డిక్రీ వచ్చినా చేతికి ఏమీ చిక్కకూడదనే అమ్ముతున్నాడని కోర్టుకి చూపాలి, ఊరికే అనుమానం చాలదు. సర్వే నంబరు, ఎకరాలు, హద్దులు, బేరం ఎవరితో నడుస్తోందో ఎంత వివరంగా ఇస్తే అంత బలం. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసుకోండి. అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోతే జప్తు దానికి తగలదు. అప్పులవాళ్లని మోసం చేయడానికే రాసిన దస్తావేజు అని, ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షన్ కింద విడిగా పోరాడాలి. అది పెద్ద పని.

వడ్డీ మొత్తం వస్తుందా?

దావా వేసేదాకా మామూలుగా నోటులో రాసుకున్న రేటు. అది మరీ ఎక్కువనిపిస్తే కోర్టు తగ్గించగలదు, బాకీదారు రైతయితే 1938 నాటి వ్యవసాయదారుల రుణ చట్టం పట్టుకుని తగ్గించమంటాడు. డిక్రీ తర్వాత వ్యాపార బాకీ కాకపోతే ఏడాదికి ఆరు శాతం మించదు. అందుకే నూటికి మూడు, నాలుగు రాసుకుని అదంతా వస్తుందని లెక్కలేసుకోకండి.

డిక్రీ వచ్చింది. డబ్బు కోర్టే ఇస్తుందా?

లేదు. ఇది చెప్పినప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే నాకే కష్టంగా ఉంటుంది. ఇన్నేళ్లు తిరిగి గెలిచి, మళ్లీ మొదటికొచ్చామా అంటారు. డిక్రీ అంటే అతను మీకు బాకీ అని కోర్టు తేల్చడం, అంతే. కట్టకపోతే అమలు పిటిషన్ వేయాలి, అదే ఈపీ. దానికి పన్నెండేళ్ల గడువు ఉంది. అందుకే దావా వేయకముందే నేను అడిగేది: అతనికి ఏముంది? ఉద్యోగమా, ఇల్లా, పొలమా, షాపా, బ్యాంకులో డిపాజిట్టా? ఏదీ లేనివాడి మీద కోర్టు ఫీజు కట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

జీతగాడైతే పని తేలిక. మొదటి వెయ్యి వదిలేసి మిగతాదాంట్లో మూడోవంతు ప్రతినెలా జప్తు చేయొచ్చు. కోతకి లెక్కలోకి వచ్చే జీతం 40,000 అనుకుంటే నెలకి 13,000. ఒకే డిక్రీకి 24 నెలలు మించి కోయరు కాబట్టి మొత్తం 3,12,000. మిగతాది వేరే దారిలో రాబట్టుకోవాలి. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రభుత్వ పెన్షన్ ముట్టుకోలేరు. రైతు ఉండే ఇల్లు, వ్యవసాయ పనిముట్లు, చేతివృత్తివాళ్ల పనిముట్లు కూడా జప్తులోంచి మినహాయింపు. అది న్యాయమే, వాటిని లాక్కుంటే ఇక అతను ఎలా సంపాదించి కడతాడు?

పొలం జప్తు ఎలా ఉంటుందో చెబుతాను. అమీనా కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఊళ్లోకి వస్తాడు. పొలం దగ్గర డప్పు కొట్టి చాటిస్తారు, ఫలానా సర్వే నంబరు ఫలానా బాకీ కింద జప్తయింది, అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని. ఒక కాపీ పొలంలో, ఇంకోటి కోర్టు గోడకి, పంచాయతీ ఆఫీసు దగ్గర ఇంకోటి. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. నాలుగేళ్లు వాయిదాలకే రాని మనిషి డప్పు చప్పుడు విని చేలో నుంచి పరిగెత్తుకొచ్చాడు, కాళ్లకి ఇంకా బురద. ఊళ్లో వాళ్లంతా చూస్తున్నారు. "ఆపండయ్యా, సాయంత్రానికి తెస్తా" అన్నాడు. సగం ఆ రోజే తెచ్చాడు, మిగతా సగం రెండు నెలల్లో. వేలం దాకా వెళ్లినా, అమ్మకం తర్వాత 60 రోజుల్లోపు డిక్రీ మొత్తం, కొన్నవాడికి ఐదు శాతం డిపాజిట్ చేసి ఆస్తి నిలుపుకునే అవకాశం బాకీదారుకి ఉంది. బాకీకి సరిపడినంత భూమే అమ్మాలి, రెండెకరాల బాకీకి పదెకరాలు అమ్మించడం కుదరదు.

జైలుకి పంపించొచ్చా?

డబ్బుండీ కట్టనివాణ్ణి పంపొచ్చు. లేనివాణ్ణి లేనందుకు జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆస్తి ఉందని, దాస్తున్నాడని మీరు చూపాలి. ఆడవాళ్లని డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయరు. గరిష్ఠంగా మూడు నెలలు, ఆ రోజులకి అతని బత్తా మీరే కట్టాలి. బయటికొచ్చినా బాకీ అలాగే ఉంటుంది, కానీ అదే డిక్రీకి మళ్లీ అరెస్టు చేయించలేరు.

ఐపీ నోటీసు వచ్చింది. డబ్బు పోయినట్టేనా?

"ఐపీ పెట్టేశాడు" అన్న మాట వినగానే ఊళ్లో అప్పిచ్చినవాళ్లందరూ నెత్తిన చేతులు పెట్టుకుంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసిన పిటిషన్ అది. వేసినంత మాత్రాన బాకీ రద్దు కాదు, మీ దావా కూడా ఆగదు. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించాకే, దావా వేయడానికి గానీ ముందుకి నడపడానికి గానీ ఆ కోర్టు అనుమతి కావాలి. నోటీసులో ఉన్న వాయిదాకి తప్పకుండా వెళ్లి కౌంటరు వేయండి. ఆస్తుల జాబితాలో చూపనివి ఏమున్నాయో రాయండి. పిటిషన్‌కి ముందు రెండేళ్లలోపు నిజాయితీ గానీ ప్రతిఫలం గానీ లేకుండా బంధువులకి రాసిచ్చినవి ఉంటే వాటిని రద్దు చేయించే వీలుంది. అప్పిచ్చినవాళ్లు పదిమంది ఉంటే కలిసి ఒకే ప్లీడరుని పెట్టుకోండి, ఖర్చు తగ్గుతుంది, సమాచారమూ ఎక్కువ దొరుకుతుంది. దివాలా ప్రకటిస్తే మీ బాకీని ఆ కోర్టులో రుజువు చేసుకుంటేనే పంపకంలో మీకు వాటా.

బాకీదారు చనిపోయాడు. కొడుకులు మాకు సంబంధం లేదంటున్నారు.

అతను వదిలి వెళ్లిన ఆస్తి వాళ్ల చేతికి ఎంత వచ్చిందో అంతమేరకు బాధ్యులు. సొంత సంపాదనలోంచి కట్టమని అడగలేరు. తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత సూత్రాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ఆ తర్వాతి అప్పుల విషయంలో తీసేసింది. అప్పిచ్చిన మనిషే పోతే, వారసులు దావా వేయొచ్చు, అయితే డిక్రీ కావాలంటే సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

నేను అమెరికాలో ఉన్నాను, డబ్బు ఊళ్లో ఇచ్చాను.

తండ్రికో అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ పంపి దావా వేయించొచ్చు. భారత కాన్సులేట్‌లో ధృవీకరించి పంపండి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. కానీ మీరూ అతనూ మాట్లాడుకున్నది, మీరు చేతికిచ్చింది మీ నాన్నగారు మీ బదులు సాక్ష్యం చెప్పలేరు, ఆయన కళ్లారా చూసిందే ఆయన చెప్పగలరు. సాక్ష్యానికి మీరు రావాలి, లేదా వీడియో ద్వారా అనుమతి అడగాలి.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు. తగ్గించుకోవాలా?

దావా వేయకముందే కూడా లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు. దావాలో ఉండగా అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. వడ్డీలో కొంత వదులుకున్నా సరే, చేతికి డబ్బు వస్తుందంటే రాజీయే మేలని నా గట్టి నమ్మకం. కానీ "ఆర్నెల్లలో కడతాడు" అని ఊరికే రాయించుకోకండి. తేదీలు, వాయిదాల మొత్తాలు, ఒక్క వాయిదా తప్పినా మిగతా అంతా ఒకేసారి వసూలు చేసుకునే హక్కు, ఇవన్నీ అవార్డులో ఉండాలి.

చీటీ డబ్బు, వ్యాపారం బిల్లులు కూడా ఇలాగేనా?

కాదు. రిజిస్టరైన చిట్ ఫండ్ తగాదాలు 1982 చట్టం కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళతాయి, సివిల్ కోర్టుకి కాదు. మూడు లక్షలు, ఆపైన ఉన్న వ్యాపార తగాదాలకి కమర్షియల్ కోర్టులు, అత్యవసరం కాకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమలకి రావాల్సిన బిల్లుల కోసం విడిగా ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, ఆలస్యానికి వడ్డీ కూడా గట్టిగానే పడుతుంది.

మొదటిసారి ప్లీడరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

నోటు, రెండువైపులా జిరాక్సు. బ్యాంకు స్టేట్‌మెంట్, మెసేజ్‌లు ఉన్న ఫోను. అతని పూర్తి పేరు, తండ్రి పేరు, ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా, ఆఫీసుదీ. అతని ఆస్తుల వివరాలు, తెలిసినంత. నోటు మీద సాక్షులుగా సంతకం చేసినవాళ్లు ఎక్కడున్నారో, వస్తారో రారో. కట్టిన ప్రతి రూపాయీ దాచకుండా చెప్పండి, తర్వాత అటువైపు నుంచి బయటపడితే మీ మాట మొత్తం నమ్మరు. అసలు నోటుని మడతల దగ్గర చిరగకుండా పెద్ద కవరులో పెట్టండి, లామినేషన్ మాత్రం చేయించకండి, వెనక చెల్లు రాయడానికి చోటు ఉండదు. దావా వేసే రోజు దాకా ఆ కాగితం మీ బీరువాలోనే ఉండనివ్వండి. మాకు ఇవ్వాల్సి వస్తే రసీదు రాయించుకోండి, మేము ఏమీ అనుకోం.